ప్రభుత్వ ఇళ్ల పనిలోకి మీ కాలేజీని తీసుకెళ్లడం ఎలా?

బెంగళూరులో ఏ ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగానికి వెళ్లినా తెలుగు పిల్లలు, తెలుగు లెక్చరర్లు కనిపిస్తారు. అదే ఊళ్లో ఏ సైట్ దగ్గర కాసేపు నిలబడినా పాలమూరు మాటో, అనంతపురం మాటో చెవిన పడుతుంది. సెంట్రింగ్ కొట్టేవాళ్లు, కంకర మోసేవాళ్లు, గోడ కట్టేవాళ్లు మనవాళ్లే. కానీ ఈ ఇద్దరూ ఒక చోట కలిసి పనిచేయడం నేను చాలా తక్కువ చూశాను. ఫైనలియర్‌కు వచ్చిన కుర్రాడు స్లాబ్ డిజైన్ తప్పు లేకుండా చేస్తాడు, పునాదికి ముగ్గు పోయమంటే సున్నం పట్టుకుని నిలబడిపోతాడు. ఇంకో పక్క ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ల దగ్గర ఒకే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఎన్నో సైట్లు చూసుకుంటూ, రోజుకు ఒక్కో చోట పావుగంట కూడా నిలబడలేకపోతున్నాడు.

ఆరేళ్లుగా మా విద్యార్థులతో ఈ పనిలో తిరుగుతున్నాను. మీ కాలేజీలో కూడా మొదలుపెట్టాలనుకుంటే ఏ వరుసలో వెళ్లాలో, మేము ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను. అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇల్లు మీ సెమిస్టర్ కోసం ఆగదు. మీరు ఒప్పుకునే ప్రతి పనినీ ఈ మాటతో సరిచూసుకోండి.

ముందు ఏ ఆఫీసో తేల్చుకోండి

"హౌసింగ్ బోర్డు" అని అందరం ఒకే మాట అంటాం గానీ బెంగళూరులో దారులు నాలుగున్నాయి. మురికివాడలుగా ప్రకటించిన చోట ఇళ్లు కట్టేది కర్ణాటక స్లమ్ డెవలప్‌మెంట్ బోర్డు. 1973 చట్టం కింద 1975లో ఏర్పడింది, కన్నడంలో కొళగేరి అభివృద్ధి మండళి అంటారు. ఆఫీసు శేషాద్రిపురం రిసాల్దార్ వీధిలో ఉంటుంది. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే పేదలకు సాయం పంపేది 2000లో పెట్టిన రాజీవ్ గాంధీ రూరల్ హౌసింగ్ కార్పొరేషన్. పేరులో గ్రామీణం ఉన్నా పట్టణ పథకాలు కూడా దాని చేతిలో ఉన్నాయి. లేఅవుట్లు వేసి సైట్లు, ఫ్లాట్లు అమ్మేది కర్ణాటక హౌసింగ్ బోర్డు. నాలుగోది జిల్లా కలెక్టర్, అంటే అక్కడి మాటలో డీసీ, అధ్యక్షుడిగా ఉండే నిర్మితి కేంద్రం.

మొదటిసారి వెళ్లేవాళ్లు నిర్మితి కేంద్రంతో మొదలుపెట్టండి. 1980ల నడుమ కేరళలోని కొల్లంలో ఈ కేంద్రాలు మొదలైనప్పటి నుంచీ తక్కువ ఖర్చు కట్టుబడిని నేర్పడం, మేస్త్రీలకు శిక్షణ ఇవ్వడం వాటి పని. అక్కడ మీరు "పిల్లలకు నేర్పాలి సార్" అంటే కొత్తగా వివరించాల్సిన పని ఉండదు. మిగతా ఆఫీసుల్లో ఆ మాటకు "మాకెందుకు?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.

చెన్నైలో ఉన్నవాళ్లు తమిళనాడు అర్బన్ హాబిటాట్ డెవలప్‌మెంట్ బోర్డుకు వెళ్లాలి. 1970 నుంచి స్లమ్ క్లియరెన్స్ బోర్డుగా ఉన్నది, 2021లో పేరు మారింది. కింద చెప్పే పద్ధతి అక్కడా పనికొస్తుంది.

మీ చేతిలో ఏముందో ఒక కాగితం మీద పెట్టండి

మా మొదటి ప్రయత్నంలో నలభై పేజీల ప్రతిపాదన తయారుచేశాం. కొత్త టెక్నాలజీ, తక్కువ కార్బన్, పెద్ద పెద్ద బొమ్మలు. ఒక ఆఫీసులో ఆ ఫైలు ఎనిమిది నెలలు బల్లలు మారింది. కాదనలేదు, ఔననలేదు. చివరికి అక్కడి ఏఈ ఒకాయన కారిడార్‌లో ఆపి అడిగాడు: "మేష్ట్రే (మాస్టారూ), మీ ల్యాబ్‌లో కాంక్రీటు క్యూబులు పరీక్ష చేస్తారా? రిపోర్టు ఎన్ని రోజుల్లో వస్తుంది?" ఆయనకు కావాల్సింది అది. మా నలభై పేజీల్లో ఆ మాట ఎక్కడా లేదు.

కాబట్టి ముందు ల్యాబ్‌కు వెళ్లి లెక్క రాసుకోండి. క్యూబును, అంటే బలం చూడటానికి పోసే కాంక్రీటు దిమ్మను, నొక్కి పగలగొట్టే మిషన్ ఉందా, దాని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా ఉంది, నేల కొలతలు తీసే టోటల్ స్టేషన్లు ఎన్ని, జల్లెడలు, కాంక్రీటు ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ కోన్ బాగున్నాయా, వారంలో ఒక రోజంతా సైట్‌లో ఉండగలిగే విద్యార్థులు ఎంతమంది, వాళ్లతో వెళ్లే లెక్చరర్ ఎవరు. ఆర్కిటెక్చర్ విభాగం కూడా ఉంటే ఇంటి ప్లాన్లు గీయగలిగేవాళ్లు ఎంతమంది. ఈ కాగితం ఒక పేజీ దాటకూడదు. క్యాలిబ్రేషన్ గడువు అయిపోయి ఉంటే మిగతావన్నీ ఆపి ముందు అది చేయించండి. గడువు దాటిన మిషన్ ఇచ్చిన అంకెను ఏ బిల్లుకూ వాడుకోలేరు.

ఉత్తరం కన్నడంలో రాయించండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మా పనిలో ఇదే మలుపు. కర్ణాటక ఆఫీసుల్లో ఫైలు కన్నడంలో నడుస్తుంది. మన ఇంగ్లీషు ఉత్తరాన్ని కింది ఉద్యోగి కన్నడంలో నోట్ రాసి పైకి పంపాలి. ఆ నోట్‌లో మన ఉద్దేశం సగం పోతుంది. మీ విభాగంలోని కన్నడ సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ రాయించండి. మన లిపికి దగ్గరి లిపి, నాలుగు రోజులు చూస్తే మీరే చదవగలరు. టపాల్ విభాగంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకుండా "ఉత్తరం ఇచ్చాం" అనడంలో అర్థం లేదు.

ఉత్తరంలో ఒక సైట్, ఒక ఏడాది మాత్రమే అడగండి. డబ్బు అడగొద్దు. కట్టుబడి పని అసలే అడగొద్దు. కర్ణాటకలో ప్రభుత్వ కొనుగోళ్లకు 1999 నాటి పారదర్శకత చట్టం, అందరూ కేటీపీపీ అనే చట్టం ఉంది. టెండరు లేకుండా పని ఇవ్వాలంటే సెక్షన్ 4(జి) కింద ప్రభుత్వం ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాలి. మీ మీద ఎంత మంచి అభిప్రాయం ఉన్నా ఒక ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) తన సంతకంతో అది చేయలేడు. అడిగితే ఆయన్ని ఇరుకున పెట్టినట్టే. పరీక్షలు, కొలతలు, ఇంటి ప్లాన్‌పై నివాసులతో చర్చ, మేస్త్రీలకు శిక్షణ మాత్రం సులభంగా ఒప్పుకునే పనులు. వాటితో లోపలికి వెళ్లండి.

ఒప్పందంలో ఏం ఉండాలి

ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, నమూనాలు ప్రతి కాలేజీలో ఉంటాయి, ఫొటోకు పనికొస్తాయి. మీరు మాత్రం నాలుగు సంగతులు అందులో స్పష్టంగా రాయించుకోండి. సైట్‌లో విద్యార్థికి దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు. పరీక్ష రిపోర్టు మీద సంతకం ఎవరిది. నివాసుల వివరాలు, ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి. రిపోర్టు బాగా రాకపోతే ఎవరికి, ఎన్ని రోజుల్లో తెలియజేయాలి.

చివరిది రాయించుకోకపోతే మీరే ఇబ్బంది పడతారు. ఒక స్లాబ్ క్యూబులు బలం చాలక ఫెయిలైతే కాంట్రాక్టర్ ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత ఇంకెవరో ఫోన్ చేస్తారు, ఇరవై ఏళ్ల పిల్లల్ని "ఇంకోసారి చూడండి" అని అడుగుతారు. ముందే కాగితం మీద ఉంటే రిపోర్టు నేరుగా ఈఈకి వెళుతుంది, పిల్లల మీద ఒత్తిడి పడదు. పరీక్ష ఫీజు కూడా ఎప్పుడూ కాంట్రాక్టర్ చేతి మీదుగా రానివ్వకండి.

ఇంకో గట్టి మాట. ఒకే ఇంటికి ప్లాన్ గీసేదీ, నాణ్యత చూసేదీ మీరే కాకూడదు. రెండూ చేయగల సత్తా ఉన్నా ఒకటి ఎంచుకోండి.

గీయడానికి ముందు సున్నంతో నేల మీద ఇల్లు వేయండి

2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ పథకంలో పేద కుటుంబం ఇంటికి కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల, 30 చదరపు మీటర్ల దాకా. 2024లో వచ్చిన రెండో విడతలో దాన్ని 45 దాకా పెంచుకోవచ్చన్నారు. ముప్పై అంటే దాదాపు 323 చదరపు అడుగులు. కంప్యూటర్ తెర మీద అది బాగానే కనిపిస్తుంది.

మేము ఒక ఆదివారం కాలేజీ గ్రౌండ్‌లో ఆ ప్లాన్‌ను అసలు కొలతలతో సున్నం వేసి గీశాం. ఇల్లు రాబోయే ఐదు కుటుంబాలను పిలిచాం. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఇళ్లలో పనిచేస్తున్న ఒకావిడ గీతల మధ్య నిలబడి చుట్టూ చూసింది. "బీరువా ఏడ పెట్టాల సార్? ఈ తలుపు తెరిస్తే మంచానికి తగుల్తుంది" అంది. ఇంకొకామె నీళ్ల డ్రమ్ములు ఎక్కడ అని అడిగింది. మా ప్లాన్‌లో వాటికి చోటు లేదు. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే పేటలో రెండు డ్రమ్ములు లేని ఇల్లుండదని మా పిల్లల్లో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆ రోజు తలుపు అటు నుంచి ఇటు తిప్పాం, వంటగట్టు పక్కన రెండడుగులు వదిలాం. ఖర్చు ఒక్క రూపాయి పెరగలేదు.

మీరు ఇంకేమీ చేయలేకపోయినా ఇది మాత్రం చేయండి. రెండు బస్తాల సున్నం, ఒక టేపు, ఒక ఆదివారం చాలు. కుటుంబంలో ఆడవాళ్లను తప్పక పిలవండి. పెద్దాయన ఒక్కడే వస్తే "బాగుంది సార్" అని చెప్పి వెళ్లిపోతాడు. మాటలు తెలుగులోనో కన్నడంలోనో జరగాలి. విద్యార్థుల్లో తెలుగు మాట్లాడేవాళ్లుంటే వాళ్లను ముందుకు పెట్టండి. తమ భాషలో అడిగేసరికి వాళ్ల ముఖాల్లో వచ్చే మార్పు మీరే చూస్తారు.

ఇంటి క్యాలెండరు, కాలేజీ క్యాలెండరు

ఇక అసలు చిక్కు. సెమిస్టర్ నాలుగు నెలలు. ఇల్లు సజావుగా సాగితే ఎనిమిది, పది నెలలు, బిల్లు ఆగితే ఏడాదిన్నర. ముగ్గు పోసిన బ్యాచ్ తాళం ఇచ్చేదాకా ఉండదు. అందుకని పనిని సెమిస్టర్ల వారీగా కాకుండా ఇంటి దశల వారీగా పంచండి: ముగ్గు, పునాది, బేస్‌మట్టం, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్. సొంత స్థలంలో కట్టుకునే పీఎంఏవై ఇళ్లకు సాయం కూడా ఇలాగే, దశ దశకు జియోట్యాగ్ ఫొటో (తీసిన చోటు కూడా నమోదయ్యే ఫొటో) తీశాకే విడుదలవుతుంది. ఒక్కో దశకు ఒక చిన్న బృందం ఉండాలి. అందులో పై ఏడాదివాళ్లు ఇద్దరు, కింది ఏడాదివాళ్లు ఇద్దరు. పైవాళ్లు వెళ్లిపోతే కిందివాళ్లకు పని తెలిసి ఉంటుంది.

ఒక లావుపాటి నోట్‌బుక్ సైట్‌లోనే ఉంచండి. ఆ రోజు ఏం పోశారు, సిమెంటు బస్తాలెన్ని, వాన పడిందా, ఎవరు చూశారు అన్నవి చేత్తో రాయాలి. మేము ఫోన్‌లో యాప్‌తో మొదలుపెట్టాం, బ్యాచ్ మారగానే పాస్‌వర్డు ఎవరికీ తెలియకుండా పోయింది. ఇప్పుడు నోట్‌బుక్ ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు దాన్ని పట్టా కాగితాలతో పాటు భద్రంగా పెట్టుకుంటారు.

క్యూబుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మేము చేసిన పెద్ద తప్పు ఇక్కడే. కాంక్రీటు పోసిన రోజు 15 సెంటీమీటర్ల దిమ్మలు పోస్తాం, కొన్ని 7 రోజులకు, మిగతావి 28 రోజులకు పగలగొట్టి బలం చూస్తాం. ఎం20 కాంక్రీటు అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం ఉండాలి. ఏడు రోజులకు అందులో మూడింట రెండొంతులు వస్తే దారిలో ఉన్నట్టు. ఒకసారి సెమిస్టర్ చివరి వారంలో స్లాబ్ పడింది, దిమ్మలు తొట్టిలో పెట్టి పిల్లలు పరీక్షలకు వెళ్లారు, ఆ తర్వాత సెలవులకు ఊళ్లకు వెళ్లిపోయారు. ఇరవై ఎనిమిదో రోజు ల్యాబ్‌కు తాళం. మేము తిరిగొచ్చేసరికి రెండు నెలలు దాటాయి. ఆ వయసులో వచ్చిన అంకె ఇరవై ఎనిమిదో రోజు బలానికి రుజువు కాదు, బిల్లు ఆగింది. బిల్లు ఆగితే కాంట్రాక్టర్ మేస్త్రీకి ఆపాడు, మేస్త్రీ కూలీలకు ఆపాడు. నాలుగు వారాల కూలి మా నిర్లక్ష్యం వల్ల ఆగిందని ఆ మేస్త్రీ నాతో నేరుగా అనలేదు. ఆయన భార్య అంది, నేను తలవంచుకుని విన్నాను.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. దిమ్మ మీద పోసిన తేదీతో పాటు పగలగొట్టాల్సిన తేదీ కూడా రాస్తాం. ఆ తేదీ పరీక్షల్లోనో సెలవుల్లోనో పడితే ల్యాబ్ అటెండర్ పేరు, లెక్చరర్ పేరు, ఊళ్లోనే ఉండే విద్యార్థి పేరు ముందే రాసి గోడకు అంటిస్తాం. ముగ్గురిలో ఒక్కరైనా ఉండాలి. ఎవరూ లేని తేదీ అయితే ఆ పరీక్ష మేము చేయలేమని ఏఈకి ముందే చెబుతాం, ఆయన వేరే ల్యాబ్ చూసుకుంటాడు.

వానలు కూడా లెక్కలో పెట్టుకోండి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టిగా పడతాయి. పునాది గుంతలు ఆ నెలల్లో తవ్వితే నీళ్లు తోడడంతోనే సరిపోతుంది. ఆ సమయాన్ని ప్లాన్ చర్చలకు, ల్యాబ్ పనికి వాడి, నవంబరు తర్వాత నేల పని పెట్టుకోమని సలహా ఇవ్వండి. ఆఫీసు వింటుందన్న హామీ లేదు, అయినా చెప్పండి.

విద్యార్థుల గంటలు వృథా పోకుండా చూడటం మీ పని. బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) కింద చదివేవాళ్లకు డిగ్రీ పూర్తయ్యేలోగా 100 ఏఐసీటీఈ యాక్టివిటీ పాయింట్లు, అంటే చదువు బయట చేసే పనులకు ఇచ్చే పాయింట్లు, కావాలి. సైట్ గంటలను అందులో చేర్చేలా ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడి రాయించుకోండి. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌ను కూడా ఇక్కడే పెట్టవచ్చు.

సైట్ మీద పద్ధతులు

హెల్మెట్, బూట్లు, ప్రమాద బీమా లేకుండా ఎవ్వరినీ లోపలికి పంపకండి. పాలిటెక్నిక్ వాళ్లయితే ఇంకో జాగ్రత్త. పదో తరగతి అయ్యాక చేరతారు కాబట్టి మొదటి ఏడాది పిల్లలకు పద్దెనిమిది నిండవు. వాళ్లను పరంజా ఎక్కనివ్వకండి, ల్యాబ్‌లో, కొలతల్లో పెట్టండి.

విద్యార్థులను ఉచిత కూలీలుగా వాడనివ్వకండి. పిల్లలు ఉత్సాహంగా తట్ట ఎత్తుతారు, కాంట్రాక్టర్ సంతోషిస్తాడు, ఆ రోజు ఇద్దరు కూలీలను వెనక్కి పంపిస్తాడు. నేర్చుకోవడానికి ఒక వరస ఇటుకలు కట్టడం వేరు, ఒకరి రోజు కూలి పోగొట్టడం వేరు. ఈ తేడా మొదటి రోజే చెప్పండి.

మేస్త్రీని గురువుగా చూడండి, అది మాటల్లోనే ఉండకూడదు. పిల్లలకు గంటసేపు నేర్పితే ఆయన పని ఆగుతుంది. కాలేజీలో గెస్ట్ లెక్చర్‌కు వచ్చినవారికి ఎంతోకొంత ఇస్తాం కదా, అదే పద్దు కింద ఆయనకూ ఇప్పించండి. మా దగ్గర ఒక మేస్త్రీ ట్యూబ్‌లో నీళ్లు పోసి మట్టం చూసే పద్ధతి నేర్పాడు. టోటల్ స్టేషన్‌తో సరిచూస్తే తేడా రాలేదు. ఆ రోజు తర్వాత పిల్లలు ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేసి "అన్నా" అనడం మొదలుపెట్టారు.

విద్యార్థులు నిజంగా ఉపయోగపడే చోటు క్యూరింగ్. సిమెంటు పనికి నీళ్లు పట్టడం కనీసం ఏడు రోజులు, ఎండ, పొడిగాలి ఉంటే పది రోజులు సాగాలని కాంక్రీటు పనికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పేటలో తాగడానికే నీళ్లు ఉండవు కాబట్టి మూడో రోజుకు అందరూ మానేస్తారు. మీ బృందం రోజుకు రెండుసార్లు వెళ్లి గోనెసంచులు తడిగా ఉన్నాయో లేదో చూసి నోట్‌బుక్‌లో రాస్తే చాలు. ట్యాంకర్ నీళ్ల ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందో లేదో కూడా ముందే అడగండి. లేకపోతే ఎవరో ఒకరు తమ జేబు నుంచి పెట్టాలి, పెట్టరు.

కొత్త పద్ధతులు ఎప్పుడు?

మొదటి ఏడాది వద్దు. రెండో ఏడాది ఒక గోడతో మొదలుపెట్టండి.

బెంగళూరులో దీనికి మంచి వారసత్వం ఉంది. ఐఐఎస్సీలో 1974లో ఏకేఎన్ రెడ్డి గారు పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం పెట్టిన అస్త్ర కేంద్రం నుంచే సిమెంటు కలిపి నొక్కిన మట్టి దిమ్మలు, వాటికి మర్దిని అనే చేతి యంత్రం వచ్చాయి. 6 నుంచి 8 శాతం సిమెంటు, ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి ఉంటే చాలు, కాల్చే పని లేదు. మట్టి పనికొస్తుందో లేదో గాజు సీసాలో నీళ్లతో కలిపి, పేరుకున్న పొరలు చూసి పిల్లలే ఒక అంచనాకు రావచ్చు. నల్లరేగడి అయితే వదిలేయండి.

పెద్ద ఎత్తున జరిగినవి చూపించాలనుకుంటే చెన్నై పెరుంబాక్కం తీసుకెళ్లండి. కేంద్రం ఆరు నగరాల్లో 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లో అది ఒకటి. ముందే పోసిన కాంక్రీటు భాగాలను తెచ్చి బిగించి 1,152 ఇళ్లు కట్టారు, 2022 మేలో ప్రారంభమైంది. ఆ సైట్లను విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి టెక్నోగ్రాహి అనే నమోదు కూడా పెట్టారు. ఊళ్లోనే చూడాలంటే హలసూరు దగ్గర కేంబ్రిడ్జ్ లేఅవుట్ పోస్టాఫీసుంది. 1,021 చదరపు అడుగుల ఆ భవనాన్ని ఐఐటీ మద్రాస్ సాంకేతిక సలహాతో ఎల్ అండ్ టీ 3డీ ప్రింటింగ్‌తో 43 రోజుల్లో పూర్తిచేసింది, 2023 ఆగస్టులో తెరిచారు. ఐఐటీ మద్రాస్ వాళ్లు జిప్సం ప్యానెళ్ల ఇంటిని కూడా 2013లో ముందు తమ క్యాంపస్‌లోనే కట్టి చూపించారు. మీరూ అదే వరుస పాటించండి. కొత్తది మీ కాంపౌండులో రెండు వానాకాలాలు నిలబడాలి. ఒక పేద కుటుంబం ఇంటి మీద మొదటి ప్రయోగం చేసే హక్కు మనకు లేదు.

డబ్బు

మొదటి ఏడాది బస్సు చార్జీలు, బూట్లు, బీమా కాలేజీ భరిస్తే సరిపోతుంది. రెండో ఏడాది నుంచి పరీక్షలకు కాలేజీ కన్సల్టెన్సీ రేటు ప్రకారం ఫీజు అడగండి. డిగ్రీ, డిప్లొమా అయిపోయినవాళ్లను ఆ సంస్థలోనే ఏడాది పాటు నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పథకం) కింద అప్రెంటిస్‌లుగా పెట్టుకోమని ప్రతిపాదించండి. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. మన దక్షిణాది రాష్ట్రాలకు దాని ఆఫీసు చెన్నై తరమణిలో ఉంది.

తాళం ఇచ్చాక

ప్రారంభోత్సవం రోజు ఫొటోలు దిగి వచ్చేయకండి. కరెంటు వైర్లు ఏ గోడలో ఎక్కడ నుంచి పోయాయో, నీళ్ల పైపు, డ్రైనేజీ గొట్టం ఎక్కడున్నాయో ఒక పెద్ద కాగితం మీద గీసి, లామినేషన్ చేసి, ఆ ఇంటివాళ్లు చదివే భాషలో పేర్లు రాసి ఇవ్వండి. వాళ్లు మేకు కొట్టేటప్పుడు, కుళాయి మార్చేటప్పుడు అది కావాలి. చదువు రానివాళ్లుంటే గోడ దగ్గర నిలబడి చేత్తో చూపించండి. తర్వాత ఒక వానాకాలం పూర్తయ్యాక, నవంబరు చివర్లో, కొత్త బ్యాచ్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి. సజ్జల కింద, బాత్‌రూమ్ గోడ వెనక, స్లాబ్ మూలల్లో తడి మరకలున్నాయేమో చూడండి. ఇంటావిడను అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాయండి. ఆ పేజీ జిరాక్స్ తీసి, కన్నడంలో ఒక ఉత్తరం జతచేసి, టపాల్‌లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి.